నీళ్ల ప్లాను రాసేదెక్కడ?

ఈ సంవాదంలోని అక్కాతమ్ముళ్లను నేనే కల్పించాను. వాళ్ల నోట వచ్చే ప్రాజెక్టులు, తేదీలు, జీవోలు మాత్రం కల్పన కాదు. ఇద్దరూ పుట్టింది కొల్లాపూర్ దిక్కు, కృష్ణ ఒడ్డు ఊళ్లో. తమ్ముడు నీటిపారుదల శాఖలో ఏఈగా చేరి డీఈగా రిటైరయ్యాడు, ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఉంటున్నాడు. అక్కను నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక ఊరికి ఇచ్చారు. ఐదెకరాల చెల్క, రెండు బోర్లు. వచ్చే ఇరవై ఏళ్లకు ఊరి నీళ్ల ప్లాను రాయాలని గ్రామసభ ఒక కమిటీ వేసింది, అక్క అందులో ఉంది. శాఖలో పనిచేసినవాడు కదా, కూర్చుని రెండు ముక్కలు రాసిపెడతాడని తమ్ముణ్ని పిలిచింది. అతను సంచిలో మ్యాపు కూడా తెచ్చుకున్నాడు. నా మొగ్గు ఎటో చదువుతుంటే తెలిసిపోతుంది, దాచే ప్రయత్నమేమీ చేయలేదు.

తమ్ముడు: దీనికి కమిటీ ఎందుకక్కా, ఒక్క కాయితం సాలు. ఇగో మ్యాపు. శ్రీశైలం వెనుక జలాలను పాలమూరు-రంగారెడ్డి లిఫ్టు కింద నార్లాపూర్ కాడ ఎత్తుతరు, ఏదులకు వస్తయి. ఏదుల నుంచి డిండి పథకానికి, అక్కడి నుంచి మీ శివన్నగూడెం రిజర్వాయరుకు. అది నిండితే పన్నెండు టీఎంసీలు మీ ఇంటి ముంగట ఉన్నట్టే. మీ ప్లానుల రాయాల్సిందల్ల ఏ కాలువ ఏ సర్వే నంబర్ల మీదికెల్లి పోవాలె, తూములు ఏడ పెట్టాలె, అంతే.

అక్క: డిండి శంకుస్థాపన ఎన్నడైంది తమ్మీ?

తమ్ముడు: 2015 జూన్.

అక్క: పాలమూరు-రంగారెడ్డిది?

తమ్ముడు: గదే నెల. ఒకదాని వెంబడి ఒకటి.

అక్క: నార్లాపూర్‌ల మొదటి మోటరు ఒత్తిందెప్పుడు?

తమ్ముడు: 2023 సెప్టెంబర్ 16. నూట నలభై ఐదు మెగావాట్ల మోటరది. నేను పోయి చూసిన. నీళ్లు ఎగజిమ్ముతుంటే నా పక్కనున్న ముసలాయన నెత్తికి తువ్వాల తీసి దండం పెట్టిండు. నువ్వు చూసుంటే ఇట్ల అడగవు.

అక్క: దండం నేను గూడ పెడుదును. ఆ నీళ్లు పొలానికి పారినయా అని అడుగుతున్న.

తమ్ముడు: పంట కాలువలు కావాలె కదా. భూసేకరణ ఉన్నది, కేసులున్నయి, ట్రిబ్యునల్ ఉన్నది.

అక్క: ఇగ శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం ముచ్చట. నలభై నాలుగు కిలోమీటర్లు. 2005ల ఒప్పందమైంది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దిక్కు లోపల పధ్నాలుగో కిలోమీటరు కాడ పైకప్పు కూలింది. ఎనిమిది మంది లోపల చిక్కుకున్నరు. వారాలకు వారాలు తోడితే ఇద్దరి శవాలు దొరికినయి. ఆ పిల్లలు ఏ రాష్ట్రం నుంచో మన నీళ్ల కోసం వచ్చినోళ్లు. గది యాదికొస్తే సొరంగం మీద మాట్లాడబుద్ధి కాదు.

తమ్ముడు: నాకు గూడ కాదు. కానీ సొరంగం తప్పుడు ఆలోచన కాదక్కా. మోటరు లేకుండ, కరెంటు లేకుండ, నీళ్లు తమంతట తామే పారి మూడు లక్షల ఎకరాలకు అందాలె, ఫ్లోరైడు ఊర్లకు తాగనీకి పోవాలె, ముప్పై టీఎంసీలు. పైన ఉన్నది అమ్రాబాద్ పులుల అడవి. నడుమ నడుమ పై నుంచి బిలాలు తవ్వే వీలు లేదు. రెండు కొసల నుంచి మిషన్లతోనే తవ్వుకుంట రావాలె. అట్లాంటి పనికి టైం పడ్తది, ప్రమాదం గూడ ఉంటది.

అక్క: టైం పడ్తదనే నేనూ అంటున్న. ప్లాను ఇరవై ఏండ్లకు రాయమన్నరు. సొరంగానికి ఇరవై ఏండ్లు అయిపోయినయి. రానున్న ఇరవై ఏండ్లల్ల నీళ్లు రాకపోతే మా ఊరు ఏం చేయాలె అన్నది మీ మ్యాపుల ఏడ రాసిన్రు? రేపొచ్చే పట్టుచీరను నమ్మి కట్టుకున్న చీర చింపుకుంటరా ఎవలన్న?

ఇక్కడ తమ్ముడికి కోపం వచ్చింది. పాలమూరువాళ్ల కోపం అది, కొత్తది కాదు. తంగిడి దగ్గర కృష్ణ తెలంగాణలోకి అడుగుపెట్టేది ఆ ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోనే. నది ఒడ్డున పుట్టినవాళ్లే తట్టా పారా పట్టుకుని బొంబాయికీ పుణెకీ దేశమంతటా కట్టే డ్యాములకూ పోయారు. ‘పాలమూరు లేబర్’ అని వాళ్లకు పేరే పడిపోయింది. శ్రీశైలం నిండినప్పుడు కొల్లాపూర్, అలంపూర్ దిక్కు ఊళ్లకు ఊళ్లు మునిగాయి. మునిగిన ఊళ్లవాళ్ల పిల్లలకు, వాళ్ల ఊళ్లను ముంచిన నీళ్లే పై గట్టు మీదికి రాలేదంటే ఏం జవాబు చెప్తారు? తమ్ముడు అడిగింది అదే.

తమ్ముడు: చీర ముచ్చట పక్కకు పెట్టు. బెజవాడ కాడ 1855ల ఆనకట్ట కట్టిన్రు. నూట డెబ్బై ఏండ్లాయె. సముద్రం ఒడ్డు దాక కాలువలు పారుతున్నయి. ఆ డెల్టా రైతును ఎవడన్న పోయి, నీళ్ల బడ్జెట్ రాసుకో, వరి తగ్గించుకో, అన్నడా? మనకాడికి వచ్చేసరికి పొదుపు యాదికొస్తది అందరికి. ఎన్జీవోలోళ్లు వస్తరు, వాన కొలిచే సీసా చేతుల పెడ్తరు, ఊర్లె సుద్దముక్కతోటి గోడ మీద లెక్కలు రాపిస్తరు. నదిల వాటా అడగాల్సినోళ్లను వాన చుక్కలు లెక్కపెట్టుకుంట కూసోబెట్టుడు కాదా ఇది?

అక్క: సీసా నేనే పట్టిన. తెలుసు గదా నీకు.

తమ్ముడు: తెలుసు. అందుకే అంటున్న.

అక్క: డెల్టాకు అడగలేదు, మంచిదే. అడగకపోతే ఏమైందో గూడ చూడు. నది సన్నబడ్డ యేడు దివిసీమ దిక్కు ఉప్పునీళ్లు ఎగదన్నుతయి, బోర్లు ఉప్పగైతయి. వాళ్లకు రేపు మనకంటె గట్టి లెక్క రాయాల్సి వస్తది. అన్యాయం జరిగిందంటవు, ఒప్పుకుంట. 1996ల మా నల్లగొండ పార్లమెంటు సీటుకు నాలుగు వందల ఎనభై మంది నిలబడ్డరు, జలసాధన సమితి నిలబెట్టింది, బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, ఎలక్షనే వాయిదా పడ్డది. దేశానికి మా నీళ్ల గోస చెప్పనీకి గట్ల చేసినం. వాటా అడగొద్దని నేనెప్పుడన్న? అన్యాయం లెక్క వేరు, నీళ్ల లెక్క వేరు అంటున్న. వాటా వచ్చినంక గూడ నీళ్ల లెక్క రాయాల్సిందే. రాకపోతే రెండింతలు రాయాలె.

తమ్ముడు: సరే, నీ లెక్క చెప్పు. సీసా పట్టినదానివి కదా.

అక్క: నెదర్లాండ్స్ సర్కారు పైసలతోటి, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడుతోటి 2003ల ఒక భూగర్భజలాల ప్రాజెక్టు మొదలైంది. ఏడు కరువు జిల్లాలు, అండ్ల మహబూబ్‌నగర్, నల్లగొండ గూడ ఉన్నయి. ఎవ్వలకు సబ్సిడీ ఇయ్యలేదు, బోరు ఏసుకోవద్దని ఎవ్వలను ఆపలేదు. రైతులకే కొలుసుడు నేర్పిన్రు. వాన పడ్డప్పుడల్ల కొలవాలె, పదిహేను రోజులకొకసారి బాయిల్ల, బోర్లల్ల నీళ్లు ఎంత లోతుకున్నయో కొలవాలె. యాసంగి నాట్లకు ముందు, అక్టోబర్‌ల, అందరు కూసొని నీళ్లెన్ని ఉన్నయి, ఏ పంట ఎంత తాగుతది అని లెక్క కట్టాలె. చదువురాని ఆడోళ్లు గూడ కొలిచిన్రు. ఆ లెక్క చూసి వరి తగ్గించుకున్న ఊర్లున్నయి. ఇగ నేను నేర్చిన లెక్క ఇను. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్ల పైన. మనకాడ యేడాదికి ఆరు వందల మిల్లీమీటర్లు పడ్తదనుకో, ఎకరానికి ఇరవై నాలుగు లక్షల లీటర్లు. మనది నల్లరాయి, గ్రానైటు. పడ్డ వానల పదోవంతు భూమిలకు దిగితే గొప్ప. అంటే ఎకరానికి రెండు లక్షల నలభై వేల లీటర్లు. ఎకరం వరికి పన్నెండు వందల మిల్లీమీటర్లు, నలభై ఎనిమిది లక్షల లీటర్లు కావాలె. ఇప్పుడు చెప్పు.

తమ్ముడు: ఎకరం యాసంగి వరి అంటే ఇరవై ఎకరాల భూమిలకు దిగిన నీళ్లు.

అక్క: మా ఊరు రెండు వేల ఎకరాలు. బోర్ల మీద నూరెకరాల వరి ఏస్తే లెక్క ఒడిసింది. ఇంటి నల్లాలకు, పత్తికి, పశువులకు ఏం మిగలదు. మేమేసేది నూరెకరాలేనా?

తమ్ముడు: ఆగాగు. లెక్కల ఒక తప్పున్నది. పొలంల పెట్టిన నీళ్లన్ని ఆవిరైతయా? మడిల నుంచి మళ్ల భూమిలకే దిగుతయి. వరికైతే సగం దాక తిరిగి వస్తదని భూగర్భ జలశాఖ లెక్కలల్లనే ఉన్నది. అంటే ఇరవై కాదు, పదెకరాలు. నీ నూరు ఎకరాలు రెండు వందలైనయి. భయపెట్టే లెక్క చెప్పేటప్పుడు గూడ సగం చెప్పొద్దు అక్కా.

అక్క: ఒప్పుకున్న. రెండు వందలు రాసుకో. మేమేసేది దానికంటె గూడ ఎక్కువనే.

తమ్ముడి సవరణ చిన్నది కాదు. బోర్ల కింద వరిని తిట్టేవాళ్లు తిరిగి భూమిలోకి దిగే నీళ్లను ఎప్పుడూ లెక్కలోకి తీసుకోరు. అయితే అక్క దగ్గర ఇంకో సంగతి ఉంది. ఆ ప్రాంతంలో నీళ్లు ఎన్ని అన్నదానితో సమంగా ఎట్లాంటివి అన్నదీ ముఖ్యమే.

అక్క: తిరిగి దిగిన నీళ్లు ఏం పట్టుకొస్తయో గూడ చెప్పు. నూరు ఫీట్లల్ల నీళ్లున్నప్పుడు బాగనే ఉండె. మూడు వందలకు పోయినం, ఐదు వందలకు పోయినం. రాయిల ఎంత లోపలికి పోతే నీళ్లు అంతసేపు రాయిల నానుతయి, అంత ఫ్లోరైడు కరుగుతది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దంటరు. మా దిక్కు బోర్లల్ల దానికి ఎన్ని రెట్లో. 1940లల్లనే నిజాం కాలం డాక్టర్లు మా జిల్ల రోగం గురించి రాసిన్రు. మా అత్త నడుము వంగి నేలను చూసుకుంటనే సచ్చిపోయింది. పటికె, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతికి మా జిల్ల పేరే పెట్టిన్రు, నాగపూర్ సైంటిస్టులు. ‘నల్గొండ టెక్నిక్’ అని లోకమంత తిరిగిందట, ఆఫ్రికా దాక పోయిందట. మా ఇండ్లల్ల ఎన్ని రోజులు నడిచింది? బకెట్టుల పటికె కలిపి, గంటలు ఆగి, తేట వంపుకొని, అడుగున మిగిలిన మడ్డి ఏడ పారబొయ్యాలె? నాట్లకు పోయేటోళ్లకు అంత ఓపికెక్కడిది.

తమ్ముడు: ఆ గోస తీర్చింది ఏంది మరి? నీ సీసా కాదు, నీ చెరువు కాదు. నది నీళ్లే. 2015 జూన్ 8న మిషన్ భగీరథకు చౌటుప్పల్‌ల పైలాన్ కట్టి మొదలుపెట్టిన్రు. మిషన్ భగీరథ వచ్చినంకనే నీ మనుమరాలి పండ్లు తెల్లగున్నయి. ఫ్లోరైడు పీడిత ఆవాసాలు 2014ల తొమ్మిది వందల అరవై ఏడు ఉంటే 2020కి సున్న అని కేంద్రమే చెప్పింది. దానికి జవాబు చెప్పు.

అక్క: జవాబేముంటది, నిజం. ఎవలు తెచ్చినా దండం పెట్టాల్సిన పనే. కానీ ఆ లెక్క తాగే నీళ్లది. బర్రె తాగేది బోరే, కూరగాయలకు పారేది బోరే. నల్లా నీళ్లు రాని రోజు పొయ్యి మీద పెట్టేది గూడ బోరే. 2024 ఎండకాలం యాదికున్నదా? సాగర్ ఐదు వందల పది అడుగుల కాడికి పడిపోతే పుట్టంగండి కాడ హైదరాబాద్ కోసం ఎమర్జెన్సీ పంపులు పెట్టిన్రు. అక్కంపల్లి నుంచి సిటీకి రోజుకు ఇరవై ఏడు కోట్ల గ్యాలన్లు పోతయి. యేడాదికి లెక్క కడితే పదహారు టీఎంసీల దాక ఐతది, మీ శివన్నగూడెం రిజర్వాయరంత నిండినా సరిపోదు. సాగర్ అడుగంటిన నాడు సిటీ నల్లా ముందు బందైతదా, మా నల్లా ముందు బందైతదా? ప్లానుల గది రాయాలె ముందు. ఊర్లె ఒక్క మంచి బాయి అన్న తాగే నీళ్లకు దాచిపెట్టుకోవాలె. దాని చుట్టు బోరు పడొద్దు. వాల్టా చట్టం 2002ల వచ్చింది. తాగునీటి బాయి దగ్గర వ్యవసాయ బోరు ఏయొద్దని అండ్లనే ఉన్నది. ఎవ్వడన్న ఆపిండా?

తమ్ముడు: ఆపలేదు. ఆపనీకి పోయిన వీఆర్వోను కొట్టినంత పని చేసిన్రు ఒకచోట. సరే, ఇది రాస్త. బాయి ముచ్చట మంచిగున్నది. కానీ నువ్వు చెరువు, చెరువు అంటవు చూడు, దాని మీద నేను మాట్లాడాలె. పానగల్లు ఉదయసముద్రం కందూరు చోళులు కట్టించిండ్రు, తొమ్మిది వందల యేండ్ల కింద. ఇయ్యాల అండ్ల నీళ్లు ఏడికెల్లి వస్తున్నయి? సాగర్ నుంచి మోటర్లతోని ఎత్తి ఏఎమ్మార్పీ కాలువల పోస్తే వస్తున్నయి. వనపర్తి సంస్థానం కట్టించిన శ్రీరంగాపూర్ రంగసముద్రం? భీమా లిఫ్టు రిజర్వాయరు. సింగోటం చెరువు? కల్వకుర్తి లిఫ్టుల భాగం. నువ్వు పాట పాడుతున్న చెరువుల నీళ్లు నేను తిట్లు తింటున్న లిఫ్టువి. కల్వకుర్తి నీళ్లతోటి చెరువులు నింపినంక నాగర్‌కర్నూల్ దిక్కు ఎండిన బోర్లు పోసినయి. బొంబాయి పోయినోళ్లల్ల కొందరు తిరిగొచ్చిన్రు. నీ ఊరి చెరువు సక్కగ మత్తడి దుంకి ఎన్నేండ్లైంది?

అక్క: 2020ల దుంకింది. మొన్న గూడ ఒకసారి.

తమ్ముడు: గదీ సంగతి. నడుమ యేండ్లల్ల?

అక్క: నడుమ యేండ్లల్ల శిఖంల పత్తి ఏసిన్రు. వాగు నుంచి చెరువుకొచ్చే కాలువను ప్లాట్లు చేసి అమ్మిన్రు. వాన పడకనా, పడ్డ వాన రాకనా? మిషన్ కాకతీయల పూడిక తీసిన్రు, నల్లమట్టి మా చెల్కల పోసుకున్నం, పత్తి నాలుగు కింటాళ్లు ఎక్కువైంది, కాదన. కానీ పై కుంట నుంచి కింది చెరువుకు గొలుసు తెగినంక ఎంత పూడిక తీస్తే ఏం? నీరటి లేడు. తూము షట్టరు తుప్పు పట్టింది. చెరువు నిండలేదని చెరువును తిడ్తవు, నిండకుండ చేసినోళ్లను అడగవు.

తమ్ముడు: అడిగితే ఊరు మొత్తం మీద పడ్తది. పెద్దోళ్లు ఎవలెవలున్నరో నీకెర్కే.

అక్క: ఎర్కే. అయితే ఇంకొకటి చెప్పు. ఇది మీ శాఖోళ్లకే ఎర్కుంటది. పాలమూరుకు తొంభై టీఎంసీలు ఇచ్చినమని 2022ల జీవో ఇచ్చిన్రు కదా, రెండు వందల నలభై ఆరో నంబరు. ఆ తొంభై ఏడివి?

(తమ్ముడు మ్యాపు మడతపెట్టాడు. ఈ ప్రశ్న అక్క నోట వస్తుందని అతను అనుకోలేదు.)

తమ్ముడు: నలభై ఐదు గోదావరివి. గోదావరి నీళ్లను కింద కృష్ణలకు మళ్లిస్తే, దానికి బదులు పైన మనం వాడుకునే వాటా. కడమ నలభై ఐదు చిన్న నీటి వనరుల మిగులు.

అక్క: తెలుగుల చెప్పు.

తమ్ముడు: బచావత్ ట్రిబ్యునల్ తెలంగాణల కృష్ణా కింది చెరువులకు, కుంటలకు తొంభై టీఎంసీల దాక రాసింది. చెరువులు పాడైనయి, అంత వాడుకోలేకపోతున్నరు, సగం మిగులుతున్నది. ఆ మిగిలిన సగాన్ని లిఫ్టుకు లెక్క కట్టిన్రు.

అక్క: అంటే చెరువులు పాడైనయి గనుక లిఫ్టుకు నీళ్లున్నయి.

తమ్ముడు: కాయితం మీద. ట్రిబ్యునల్ ముందు వాటా చూపెట్టుకోవాలె కదా. అటు ఆంధ్రోళ్లు ఒప్పుకుంటలేరు, ఇటు చూపెట్టకపోతే అనుమతి రాదు. నీళ్లు దోచుకున్నట్టు చూడకు దాన్ని. మనది మనకే పంచుకున్నట్టు.

అక్క: నేను దోపిడీ అనలేదు. ఒకటే సర్కారు ఒక చేత్తో నలభై ఆరు వేల చెరువులు బాగుచేస్త అన్నది, ఇంకో చేత్తో ఆ చెరువులు నీళ్లు వాడవు అని రాసింది. రెండూ నిజమైతే ఎట్ల? మేం గొలుసు సక్కగ చేసుకొని చెరువు నింపుకుంటే రేపు లిఫ్టుకు నీళ్లు తగ్గుతయా? ప్లానుల ఏ పేజీల ఏం రాయాలె మేము?

ఈ ప్రశ్నకు తమ్ముడి దగ్గరే కాదు, నాకు తెలిసిన ఏ వేదిక మీదా సూటి జవాబు వినలేదు. రాష్ట్రం వాదించాల్సిన చోట అట్లా వాదించక తప్పదని నేనూ అనుకుంటాను. కృష్ణలో 811 టీఎంసీల ఉమ్మడి రాష్ట్ర వాటాలో 299తో సర్దుకోమన్న 2015 నాటి తాత్కాలిక ఏర్పాటు మీద పోట్లాడేవాళ్లు ఎక్కడో ఒకచోట నీళ్లు చూపించాలి. కానీ ఢిల్లీలో చూపించిన మిగులును మర్రిగూడ చెరువు కట్ట మీద నిలబడి చూస్తే అది మిగులుగా కనిపించదు. తమ్ముడు ఆ సంగతి ఒప్పుకోలేదు, దాటేయనూ లేదు. ఇంకో దారిలో వచ్చాడు.

తమ్ముడు: ఆ తొంభై టీఎంసీలను పన్నెండు లక్షల ముప్పై వేల ఎకరాలతో భాగించు. నీకు లెక్కలంటే ఇష్టం కదా.

అక్క: ఒక టీఎంసీకి పదమూడు వేల ఆరు వందల ఎకరాలు.

తమ్ముడు: ఒక్క టీఎంసీ అంటే రెండు వేల ఎనిమిది వందల ముప్పై కోట్ల లీటర్లు. ఎకరానికి ఇరవై లక్షల డెబ్బై, ఎనభై వేల లీటర్లు. మిల్లీమీటర్లల్ల చెప్తే ఐదు వందల పది. నీ వరికెంత కావాలంటివి?

అక్క: పన్నెండు వందలు.

తమ్ముడు: చూసినవా? పాలమూరు లిఫ్టు వరి కోసం కట్టింది కాదు. ఆరుతడి పంటల కోసం కట్టింది. కంది, పల్లి, జొన్న, మక్క. డిజైనే గట్లున్నది. శ్రీశైలం నిండిన అరవై రోజుల వరదల రోజుకు ఒకటిన్నర టీఎంసీ ఎత్తుకోవాలె, తొంభై ఐతది. నీ బడ్జెట్ పద్ధతి నా లిఫ్టుకు గూడ కావాల్సిందే. నేను ఏండ్ల కింద సర్కిల్ ఆఫీసుల ఇదే మాట అంటే నవ్విన్రు.

అక్క: మరి ఇందాక నన్నెందుకు తిట్టినవు?

తమ్ముడు: డెల్టాను అడగకుండ నిన్ను అడిగినందుకు తిట్టిన. ఇప్పుడూ తిడ్త.

అక్క: అరవై రోజులన్నవు. 2015ల శ్రీశైలానికి ఎన్ని రోజులొచ్చింది వరద? 2023ల?

తమ్ముడు: రాలేదు. రాని యేడు రాదు. వచ్చిన యేడు అన్ని రిజర్వాయర్లు నింపి పెట్టుకోవాలె, అందుకే అన్ని రిజర్వాయర్లు.

అక్క: కరెంటు?

తమ్ముడు: ఒక టీఎంసీని మూడు వందల మీటర్లు ఎత్తాలంటే రెండు కోట్ల ఎనభై లక్షల యూనిట్లు. ఎకరానికి రెండు వేల యూనిట్లు. యూనిటు ఆరు రూపాయలనుకుంటే పన్నెండు వేల రూపాయలు ఎకరానికి. దాచేదేముంది. ఇగ నీ బోరు లెక్క చెప్పు. ఐదు హెచ్‌పీ మోటరు గంటకు నాలుగు యూనిట్లు తాగుతది. దినాం తొమ్మిది గంటలు, నూట ఇరవై రోజులు. నాలుగు వేల మూడు వందల యూనిట్లు. ఎన్నెకరాలు పారిస్తవు?

అక్క: రెండు.

తమ్ముడు: ఎకరానికి రెండు వేల నూట అరవై. నా లిఫ్టు కంటె నీ బోరే ఎక్కువ తాగుతున్నది. లిఫ్టు బిల్లు అసెంబ్లీల లెక్కకొస్తది గనుక అందరు తిడ్తరు. నీ మోటరుకు మీటరే లేదు. 2018 జనవరి నుంచి ఇరవై నాలుగు గంటలు ఉచితం. ఆటో స్టార్టరు పెట్టి పండుకుంటరు.

(ఇదొక్కటీ నేను ఊహించని దెబ్బ. లిఫ్టుల కరెంటు ఖర్చు మీద సంపాదకీయాలు ఎన్నో చదివాం, వాటి పక్కనే ఐదు హెచ్‌పీ మోటరు లెక్క పెట్టి చూపించినవాళ్లు తక్కువ.)

అక్క: ఆటో స్టార్టరు మా ఇంట్ల లేదు.

తమ్ముడు: వరి ఉన్నదా?

అక్క: ఉన్నది.

తమ్ముడు: ఈ యాసంగి ఎంత?

అక్క: రెండెకరాలు.

తమ్ముడు: సీసా పట్టినదానివి. ఊరంతటికి లెక్క చెప్పినదానివి.

అక్క: నవ్వు. నవ్వినంక ఇను. మూడేండ్ల కింద జొన్న ఏసిన. పంట మంచిగొచ్చింది. పిట్టలు తిన్నంత తిన్నయి, కడమది అమ్మనీకి పోతే కొనే సెంటరు లేదు. ప్రైవేటోడు చెప్పిందే ధర. అదే వడ్లైతే ఊర్లెనే ఐకేపీ సెంటరు, కాంటా పెడ్తరు, బస్తాలు వాళ్లే ఇస్తరు, పైసలు ఖాతాల పడ్తయి. సన్నవడ్లకు కింటాలుకు ఐదు వందల బోనస్ గూడ ఇస్తమన్నరు. 2021ల ‘వరి ఏస్తే ఉరే’ అన్నరు. భయపడి ఏయనోళ్లు మునిగిన్రు. ఏసినోళ్ల వడ్లు మాత్రం మరుసటి ఏప్రిల్‌ల సర్కారే కొన్నది. ఊరికి ఏం అర్థమైంది? ఎవడేమన్నా వరే ఏయాలె అని. నీళ్ల లెక్క నాకొచ్చు తమ్మీ. నాకు ఆ లెక్కతోటి బతకనిచ్చే కాంటా లేదు.

తమ్ముడు: ఇది నీటిపారుదల శాఖ పని కాదు కదా.

అక్క: కాదు. మా కమిటీ పని గూడ కాదట, ఎంపీడీవో అన్నడు. నీళ్ల ప్లానుల మార్కెట్ ముచ్చటెందుకు అన్నడు. మరి నా రెండెకరాల వరి ఏసింది ఎవలు, నేనా, కాంటానా?

తమ్ముడు: హివరే బజార్‌ల మహారాష్ట్రోళ్లు చేసిన్రు కదా. యేటా నీళ్ల లెక్క చూసి పంటలు నిర్ణయించుకుంటరు, చెరుకు వద్దనుకున్నరు, వ్యవసాయానికి బోర్లే వద్దనుకున్నరు.

అక్క: చేసిన్రు. వాళ్లకు ముప్పై ఏండ్లు ఒక్కటే మాట మీద నిలబడ్డ ఊరు దొరికింది. మా ఊర్లె నాలుగు పార్టీలు, ఆరు కులసంఘాలు. పైగా వాళ్ల పక్కన పాలకు, కూరగాయలకు గిరాకీ ఉన్నది. గిరాకీ ఉంటే మేం గూడ దేవుళ్లమే.

తమ్ముడు: అయితే ఏం రాయాలె, చెప్పు. నా సంచిల పెన్ను గూడ ఉన్నది.

అక్క: మొదటి పేజీల మీ కాలువ రాయి. వద్దనను. డిండి నీళ్లొస్తే తూము ఏడుండాలె, ఏ కుంట నింపాలె, రాయి. కానీ దాని కింద ఒక మాట: ఈ నీళ్లకు వరి లేదు, డిజైన్ల లేదు, ఎకరానికి ఐదు వందల మిల్లీమీటర్లే. ఇప్పుడే రాస్తే రేపు కాలువ కొసన ఉన్నోళ్లు కొట్లాడుకోరు. రెండో పేజీల చెరువు గొలుసు. ఏ సర్వే నంబర్ల కాలువ పూడ్చిన్రో పేర్లు లేకుండ నంబర్లు రాయి, పేర్లు ఊరికెర్కే. మూడోది తాగునీళ్ల బాయి. నాలుగోది కాంటా. కంది, జొన్న, పల్లి కొనే సెంటరు యాసంగికి ముందే, అక్టోబర్‌ల, ఊర్లె తెరుస్తమని మార్కెటింగ్ శాఖ రాసియ్యాలె. నాట్లకు ముందు రాసియ్యాలె, కోతలప్పుడు కాదు. రాసియ్యకపోతే మొదటి మూడు పేజీలు చింపేస్తమని గూడ రాయి.

తమ్ముడు: గట్ల రాస్తే ఎంపీడీవో తీసుకోడు.

అక్క: మీ శాఖ భాషల రాయి. తీసుకుంటడు.

తమ్ముడు: నాలుగో పేజీ మొదటి పేజీ చేస్తనక్కా. కాలువ రెండోది.

అక్క: చెయ్యి. డెల్టాది గూడ పెట్టు ఒక లైను, నీ కోపం తీరుతది.

తమ్ముడు: ఏమని పెట్టాలె?

అక్క: మమ్ములను అడిగిన లెక్క వాళ్లను గూడ అడగాలె అని. తీర్మానంల పెట్టిస్త. ముందు అన్నం తిందాం, మోటరు కాడికి ఇప్పుడే పోవాల్సిన పని లేదు.